ఒకే తిట్టుకు రెండు శిక్షలు

కంపెనీ పాలనలో కురబలకోట రచ్చబండ దగ్గర ఇద్దరు తిట్టుకున్నారనుకుందాం. ఒకరు పెద్దరైతు కొడుకు, మరొకరు మాలపల్లె కూలీ. తప్పు ఒకటే. శిక్ష మాత్రం ఒకటి కాదు. ఇది ఊరి కట్టుబాటు అనుకుంటే పొరపాటు, రాతపూర్వకమైన చట్టం.

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి వదిలేశాక మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలో చేరింది. 1816లో మద్రాసు ప్రభుత్వం చేసిన 11వ రెగ్యులేషన్ తిట్లు, చిన్నపాటి కొట్లాటల విచారణను గ్రామ పెద్దకు అప్పగించింది. (రాయలసీమలో ఆ పదవికే రెడ్డి అని పేరు. తీర్పు ఎటు మొగ్గేదో వేరే చెప్పాలా?) తప్పు చేసినవాణ్ణి 12 గంటల వరకు ఊరి చావడిలో ఉంచవచ్చు. ‘కింది కులాల’ వాడైతే 6 గంటల వరకు బొండలో వేయవచ్చు. బొండ అంటే కాళ్లు పట్టే రంధ్రాలున్న కొయ్యదుంగలు. కాళ్లు అందులో బిగిస్తే కదలడానికి ఉండదు.

గంటలు సగమే కదా అనిపిస్తుంది. చావడిలో ఉన్నవాడికి గోడ చాటుంది, బొండలో ఉన్నవాణ్ణి ఊరంతా చూస్తుంది. చట్టం రాసినవాళ్లకూ ఇది తెలుసు. ఇంత హీనమైన శిక్ష ఎవరికి వేస్తే అనుచితం కాదో వాళ్లకే వేయాలని అందులోనే రాశారు. ఎవరికి పరువుంటుందో, ఎవరికి ఉండదో సర్కారే తేల్చేసింది.

1860 నాటి శిక్షాస్మృతిలోని శిక్షల జాబితాలో బొండ లేదు. అయినా గ్రామ పెద్ద చేతిలోని ఆ అధికారం దాంతో పోలేదు.

బొండలో పడాలంటే కనీసం ఒక తప్పు మోపాలి. 1911 నాటి నేరస్థ తెగల చట్టానికి అదీ అక్కర్లేకపోయింది. ఎరుకల ఇంట్లో పుట్టడమే చాలు: వేలిముద్రలు, పోలీసు హాజరు, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు. నేరస్థ తెగల చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న.