చావెరుగని చివురు

మ్రాను ముదుసలి యగును గాని దాని కొనలోని చివురు ముదుసలి కాదు. కెనడా దేశపు ఆపిల్ చెట్టొకటి, ఎల్మ్ వృక్షములు కొన్ని, సాస్కటూన్ నగరపు ప్రయోగశాల యొకటి చెప్పు కథ యిది.

ఒంటారియో రాష్ట్రపు తూర్పు భాగమున, సెయింట్ లారెన్స్ నదికి కొంత ఉత్తరముగా, డండెలా అను చిన్న గ్రామము కలదు. 1811వ సంవత్సరమున జాన్ మెకింటాష్ అను సేద్యగాడు అచ్చట పొలము సంపాదించి, అడవి నరికి చదును చేయుచుండగా, పొదల నడుమ కొన్ని ఆపిల్ మొక్కలు కనబడెను. వానిని నరుకుటకు చేతులాడక, పెకలించి తెచ్చి ఇంటికడ నాటుకొనెను. కాలక్రమమున వానిలో ఒక్కటి మాత్రమే మిగిలెను. ఎఱ్ఱని తోలును, తెల్లని కండయును, తీపితో జతగూడిన పులుపును గల దాని పండు ఇరుగుపొరుగుల నెల్ల మెప్పించెను.

మామిడి టెంక పాతిన తల్లిచెట్టు పండే వచ్చునను నమ్మకము లేదని మన తోటమాలు లెరుగుదురు. ఆపిల్ గింజయు నట్టిదే. వేరొక చెట్టు పుప్పొడి వచ్చి కలియుటచే ప్రతి గింజయు క్రొత్త సంతానమే యగును. కావున ఆ రుచిని నిలుపుటకు గింజ పనికిరాలేదు. 1835లో మెకింటాష్ కుమారుడు అలెన్ అంటుకట్టు విద్య నేర్చి, ఆ యొక్క చెట్టు కొమ్మలను ఇతర మొక్కల మొదళ్ళకు అంటుగట్టి, నారుతోట పెంచి, ఊరూర పంచెను. 1894లో వారి యిల్లు తగులబడినప్పుడు మంటలు చెట్టును గూడ కాల్చెను. సగము కాలిన యా చెట్టు 1908 వరకు కాచి, 1910లో మరణించెను. అయినను నేడు కెనడా అంగళ్ళలో మెకింటాష్ పేరుతో అమ్ముడుపోవు పండ్లన్నియు ఆ చెట్టు కొమ్మల పరంపరలోనివే. మ్రాను మడిసి నూరేండ్లు దాటినను దాని చివురు ఎట్లు బ్రతికియున్నది?

కొననుండు శైశవము

మన దేహము ఒక వయస్సువరకు పెరిగి, ఆపై పెరుగుట మానును. చెట్టు విధానము వేరు. అది తన పెరుగుదలను కొన్ని చోట్ల మాత్రము దాచియుంచుకొని, ఆ చోట్లను బ్రతికినన్నాళ్ళు పసితనముననే నిలుపుకొనును. కొమ్మల కొనలు, వేళ్ళ కొనలు, ఆకుల మొదట నుండు మొగ్గలు, బెరడునకును మ్రానునకును నడుమనున్న పలుచని కాంబియం పొర అట్టి చోట్లు. అచ్చటి కణములు ఇంకను ఏ వృత్తికిని అంకితములు కాలేదు. పలుచని గోడలతో, నిండైన జీవపదార్థముతో, ఒకటి రెండగుటయే పనిగా నుండును. విభజింపదగినదను అర్థముగల గ్రీకు పదమునుండి కార్ల్ నెయిగెలీ అను స్విస్ శాస్త్రజ్ఞుడు 1858లో ఇట్టి కణజాలమునకు మెరిస్టెమ్ అని పేరిడెను. మన పాఠ్యగ్రంథములలో ఇది విభాజ్య కణజాలము.

కొమ్మ కొననుండు ఈ కణజాలము పెక్కు మొక్కలలో మిల్లీమీటరున పదియవ వంతో, అయిదవ వంతో ఉండును. నడినెత్తినున్న కణములు నెమ్మదిగా విభజన చెందుచు మూలధనమును కాపాడును. చుట్టునున్నవి వడివడిగా విభజన చెంది, ప్రక్కలకు బుడిపెలుగా ఉబ్బి, ఒక్కొక్క బుడిపె ఒక్కొక్క ఆకుగా విచ్చును. 1965 నుండి కెనడా పతాకముపై వెలయుచున్న మేపుల్ ఆకునకును మొదలు ఇట్టి బుడిపెయే. సాస్కాచివన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టేలర్ స్టీవ్స్, ఇయన్ సస్సెక్స్‌తో కలసి 1972లో ప్రకటించిన ‘పాటర్న్స్ ఇన్ ప్లాంట్ డెవలప్‌మెంట్’ అను గ్రంథము ఈ సూక్ష్మలోకమును విద్యార్థుల కన్నులకు గట్టినది.

కెనడా దేశపు హేమంతమును ఓర్చుకొనుటలోనే మొగ్గ గొప్పతనము తెలియును. మంచు కప్పిన మేపుల్ కొమ్మను చూచి మ్రోడని భ్రమపడుదుము. కాని మరుసటి వసంతపు ఆకులు గడచిన వేసవిలోనే మొగ్గలో రూపుదిద్దుకొని, పొలుసుల చాటున మడతలు పడి నిద్రించుచుండును. తగినన్నాళ్ళు చలి తగిలిన గాని ఆ నిద్ర తీరదు. కావుననే జనవరిలో ఒకటి రెండు నాళ్ళు వెచ్చబడినంతమాత్రమున అది మోసపోయి విచ్చుకొనదు.

నయాగరా నుండి టోబర్మొరీ వరకు సాగు కొండచరియల రాతి నెరియలలో గిడసబారిన తెల్ల సీడరు చెట్లు కలవు. పొట్టివై, వంకరలు తిరిగి, ఏమంత వయస్సు లేనివానివలె తోచు ఈ చెట్లలో కొన్ని వేయేండ్లు దాటినవని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయపు డగ్లస్ లార్సన్ బృందము 1980ల చివర మొదలిడిన పరిశోధనలవలన లోకమునకు తెలిసెను. గుప్పెడు మట్టియైన లేని చోట, వాని కాంబియం ఏటేట కనీకనరాని వలయమొకటి చేర్చుచునే వచ్చినది. వేయేండ్ల మ్రానుకొనయందును నేటి చివురు నేటిదే.

కత్తిమొన విద్య

అంటుకట్టుట యనగా ఈ పసితనమును ఒక దేహమునుండి మరియొక దేహమునకు మార్చుటయే. కొమ్మ కాంబియం మొదలులోని కాంబియమును తాకునట్లు కోసి, పొందికగా అమర్చి, బిగించి కట్టినచో రెండు పొరలును కలసి ఒకే చెట్టగును; తప్పినచో కొమ్మ ఎండిపోవును. అలెన్ మెకింటాష్ చేతి కత్తికిని, నూజివీడు మామిడితోటలోని అంటు కత్తికిని తెలిసిన రహస్య మొక్కటే.

టొరాంటో ప్రాంతపు తెలుగు ఇల్లాండ్రు ఈ కొనచివురు శాస్త్రమును వంటింటి కిటికీకడనే ఆచరింతురు. చలికి వెరచి లోపలికి తెచ్చుకొన్న కరివేపాకు మొక్క ఒంటికొమ్మగా సాగిపోవుచున్నప్పుడు దాని కొన గిల్లుదురు. కొనచివురునుండి క్రిందికి దిగు ఆక్సిన్ అను ద్రవ్యము ప్రక్కమొగ్గలను అణచియుంచును. కొన పోయినంతనే అవి మేల్కొని కొమ్మలగును, మొక్క గుబురగును.

శాస్త్రజ్ఞుల కత్తి మరికొంత సూక్ష్మము. మొక్కను వైరస్ పట్టినప్పుడు అది రసనాళముల వెంట దేహమెల్ల ప్రాకును గాని, నాళములింకను ఏర్పడని కొనకణజాలమును చేరుట దానికి దుష్కరము. ఫ్రాన్సులో జార్జ్ మొరెల్, క్లాడ్ మార్టిన్ 1952లో తెగులు సోకిన డాలియా మొక్కల కొనలను మాత్రము కోసి పెంచి, తెగులులేని మొక్కలను సాధించిరి. సాస్కటూన్ నగరమున జాతీయ పరిశోధన మండలివారి ప్రెయిరీ ప్రాంతీయ ప్రయోగశాలలో ఓలుఫ్ గామ్‌బోర్గ్, 1968లో తన సహచరులతో కలసి మొక్కల కణములకు బీ5 అను పోషకద్రవమును కూర్చెను. ప్రపంచపు ప్రయోగశాలలు నేటికిని దానిని వాడుచున్నవి. అదే ప్రయోగశాలలో కె. కె. కర్తా, గామ్‌బోర్గ్ 1975లో కర్రపెండలమును పట్టు మొజాయిక్ తెగులును తొలగించు మార్గమును ప్రకటించిరి: 0.4 మిల్లీమీటరునకు మించని కొనను కోసి పెంచినచో తెగులు లక్షణములు లేని మొక్క వచ్చును. మంచుమైదానముల నడుమ జరిగిన యీ పని, సగ్గుబియ్యమునకై కర్రపెండలము పండించు మన గోదావరి సీమకును సంబంధించినదే గదా! 1980లో కర్తా బృందము స్ట్రాబెర్రీ కొనలను సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవనత్రజనిలో నిద్రపుచ్చి, మరల మేల్కొలిపి, మొక్కలుగా పెంచి చూపెను. మేపుల్ మొగ్గ యేటేట చేయు పనినే మనుష్యుడు ఇంతకాలమునకు నేర్చుకొనెనని నాకు తోచును.

ఎల్మ్ చెట్ల పునర్జన్మ

ఒకప్పుడు కెనడా వీధులకు పందిళ్ళు వేసినట్లు నిలిచిన అమెరికన్ ఎల్మ్ చెట్లను, 1940లలో క్విబెక్‌లో అడుగిడిన డచ్ ఎల్మ్ తెగులు లక్షలుగా కూల్చివైచెను. బెరడు పురుగులు మోయు శిలీంధ్రము నీటినాళములను మూసివేయగా చెట్టు నిలువునా ఎండును. అట్టి మారిలోను అక్కడక్కడ కొన్ని మహావృక్షములు నిలిచినవి. గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయమున ప్రవీణ్ సక్సేనా బృందము ఒంటారియోలోని అట్టి చెట్ల మొగ్గలను గైకొని, గాజుసీసాలలో పెంచి, వానినుండి మొక్కలను సృజించి 2012లో ప్రకటించెను. ముదిమి పైబడిన చెట్టునుండి తీసిన మొగ్గను ప్రయోగశాలలో బ్రతికించుట తేలిక కాదు. అయినను ఆ మొగ్గలో విభాజ్య కణజాలము తన పసితనమును వీడలేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఒకే మొగ్గనుండి కోటి చెట్లను పెంచినను అవి ఒక్క చెట్టే. ఒకదానిని కూల్చు తెగులు అన్నిటిని కూల్చును. చివురు తన వంశమును చెక్కుచెదరక నిలుపును. క్రొత్తదనము ముఖ్యముగా గింజనుండియే రావలెను. కావున ఒక్క ఎల్మ్ చాలదు, బ్రతికినవన్నియు కావలెను. అడవిలో తనంత మొలచు గింజయు కావలెను. డండెలా పొదలలోని ఆపిలును అట్టి గింజనుండియే పుట్టినది గదా.

మెకింటాష్ పండును కొరుకునప్పుడు, 1811లో ఒక సేద్యగాడు చూచిన చిన్న మొక్క కొననుండి నేటివరకు తెగక వచ్చిన కణముల గొలుసును మనము తాకుచున్నాము. అది దానంతటదే తెగకుండ లేదు. ఏ తరము అంటుకట్టుట మానినను ఆ తరముతోనే అది ముగిసియుండెడిది. మొక్క తన కొనయందు శైశవమును నిలుపుకొనును. దానిని ఆవలి మ్రానునకు దాటించు చేయి మాత్రము ప్రతి తరమునను మనదే కావలెను.