బీఏ చదివిన అమ్మాయికి స్కాలర్‌షిప్ ఎందుకు?



గత ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలించే పని సొసైటీ మాకు అప్పగించింది. ఇంజనీరింగ్ పిల్లల కాగితాలు ఒక కట్టగా, నర్సింగ్, ఫార్మసీ వాళ్లవి మరో కట్టగా, పాలిటెక్నిక్ వాళ్లవి ఇంకో కట్టగా పేర్చుకుంటూ పోతుంటే ఒక దరఖాస్తు ఏ కట్టలోనూ ఇమడలేదు. ఇంటర్‌లో హెచ్‌ఈసీ, డిగ్రీలో రాజనీతి శాస్త్రం, ఇప్పుడు యూనివర్సిటీలో ఎం.ఏ. ప్రభుత్వ పాలనా శాస్త్రంలో సీటు. తండ్రి ఆటో నడుపుతారు. ఆ అమ్మాయి అడిగింది హాస్టల్ మెస్ బిల్లు, పుస్తకాల ఖర్చు, అంతే. కమిటీలో ఒక పెద్దాయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?" అని అడిగారు. ముప్పై ఏళ్లకు దగ్గరగా బడిలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాం, అయినా ఆ పూట మాకు నోరు పెగల్లేదు. దరఖాస్తు పక్కన పెట్టేశారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. పదో తరగతిలో మార్కులు బాగా వచ్చిన పిల్లవాడికి "ఎంపీసీ తీసుకో" అని చెప్పింది మేమే. తక్కువ వచ్చిన వాడికి "సీఈసీయో హెచ్‌ఈసీయో చూసుకో" అన్నదీ మేమే. సివిక్స్ అంటే పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టే నాలుగు పాఠాలు అని పిల్లలు అనుకుంటున్నారంటే, ఆ అభిప్రాయం కొంత మా తరగతి గదిలోనే పుట్టింది. మేమూ బీఏ చదివి, బీఈడీ చేసి వచ్చినవాళ్లమే కదా, మాకైనా గుర్తుండాల్సింది.

యూనివర్సిటీలో ఇవి కొన్నిచోట్ల రెండు శాఖలు, కొన్నిచోట్ల ఒకే శాఖ. రాజనీతి శాస్త్రం అధికారం గురించి అడుగుతుంది. అది ఎవరి చేతిలో ఉంది, వాళ్లకు ఎవరిచ్చారు, దానికి హద్దేది? రాజ్యాంగం, ఎన్నికలు, పార్టీలు, హక్కులు, దేశాల మధ్య సంబంధాలు అందులోకి వస్తాయి. ప్రభుత్వ పాలనా శాస్త్రం దాని తర్వాతి ప్రశ్న వేస్తుంది. తీసుకున్న నిర్ణయం పేదవాడి గుమ్మం దాకా ఎలా వస్తుంది, దారిలో ఎక్కడ ఆగిపోతుంది? బడ్జెట్, నియామకాలు, జిల్లా యంత్రాంగం, పంచాయతీలు, మున్సిపాలిటీలు, ఆడిట్, సమాచార హక్కు ఇందులోని పాఠాలు. ఈమధ్య గవర్నెన్స్ అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. ప్రభుత్వంతోపాటు స్వచ్ఛంద సంస్థలు, కంపెనీలు, పౌరులు కలిసి ఉమ్మడి పనులు నడిపించే తీరును ఆ మాటతో చెబుతారు. ఆ లెక్కన మన సొసైటీ కూడా వాళ్ల సిలబస్‌లో ఉన్నట్టే.

ఇదంతా పుస్తకాల మాటలా ఉంటే ఒక సంగతి చెబుతాం. మా పక్క వీధిలో ఒక వృద్ధ వితంతువు ఉన్నారు. కొన్నేళ్ల కిందట ఆమె పింఛను ఉన్నట్టుండి ఆగిపోయింది. అడిగితే "కంప్యూటర్‌లో రావట్లేదమ్మా" అన్నారు. మూడు నెలలు తిరిగారు. మన దాతల్లో ఒకరు జాలిపడి రంజాన్‌లో రెండు నెలల పింఛనంత డబ్బు చేతిలో పెట్టారు. మంచి పనే. కానీ మూడో నెల సంగతేమిటి? అప్పుడు డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఆమె వెంట వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పట్లో పింఛను అర్హతకు ఆరు అంచెల తనిఖీ ఉండేది. భూమి, నాలుగు చక్రాల వాహనం, ఆదాయపు పన్ను, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం, పట్టణంలో ఇంటి విస్తీర్ణం, నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం. "ఈ ఆరింటిలో ఏది అడ్డొచ్చిందో కాగితం మీద రాసివ్వండి" అని ఆ అమ్మాయి అడిగింది. చూస్తే ఇంటి యజమాని కరెంటు మీటరుకు ఈ ముసలమ్మ ఆధార్ నంబరు తగిలించి ఉంది. కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టి ఆ నంబరు తీయించడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. పింఛను తిరిగి వచ్చింది, పోయిన నెలల బకాయి మాత్రం రాలేదు.

మేము పక్కన పెట్టిన దరఖాస్తు ఆ అమ్మాయిదే. ఈ పని గురించి ఆమె అందులో ఒక్క మాట కూడా రాయలేదు.

మైకేల్ లిప్స్కీ అనే అమెరికన్ పండితుడు 1980లో ఒక పుస్తకం రాశారు. పోలీసు, టీచరు, నర్సు, కౌంటర్ దగ్గరి గుమస్తా, వీళ్లు చేసే పనే ప్రజలకు అందే అసలు విధానం అవుతుందని ఆయన వాదన. రాజధానిలో జీవో ఎంత బాగా రాసినా, కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి టైము చాలక, సర్వర్ ఆడక, రూలు అర్థంకాక పోతే ముసలమ్మకు అందేది ఆ ఒక్క వాక్యమే. గుమస్తాను తిట్టడం మనకు తెలుసు. ఆయన ఎందుకలా అయ్యాడో, ఏ కాగితం ఇస్తే ఆయన చెయ్యి కదులుతుందో నేర్పే చదువు ఇది.

ఇంకో పాఠం చూడండి. 1937లో లూథర్ గులిక్ అనే ఆయన కార్యనిర్వాహకుడి పనిని ఏడు భాగాలుగా చెప్పి, వాటి తొలి అక్షరాలతో పోస్డ్‌కార్బ్ అనే మాట కట్టారు. ప్రణాళిక, వ్యవస్థ, సిబ్బంది, నిర్దేశం, సమన్వయం, నివేదిక, బడ్జెట్. ఇంటర్ పిల్లలకు ఇది బట్టీ. మనకు రంజాన్ రేషన్ కిట్ల పంపిణీ గుర్తుచేసుకుంటే చాలు. ప్రణాళిక ఉంది, బడ్జెట్ ఉంది, కుర్రాళ్లు కష్టపడ్డారు. కానీ రెండు మస్జిదుల జాబితాలు పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు గనుక కొన్ని ఇళ్లకు రెండేసి కిట్లు వెళ్లాయి, రైలుకట్ట అవతల వీధికి అసలు వెళ్లలేదు. ఏడింటిలో ఐదోది తప్పింది. హెర్బర్ట్ సైమన్ అనే పండితుడి మాట కూడా ఇక్కడ పనికొస్తుంది. చేతిలో ఉన్న కాస్త సమాచారంతో, ఉన్న కాస్త సమయంలో, మనిషి అత్యుత్తమమైనది వెతకడు, ఫరవాలేదనిపించినదానితో సరిపెట్టుకుంటాడని ఆయన వివరించారు. 1978లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మా స్కాలర్‌షిప్ కమిటీ ఆ పూట చేసింది అచ్చంగా అదే.

ఇదేదో అమెరికా సరుకు అనుకోవద్దు. 1887లో ఉడ్రో విల్సన్ రాసిన వ్యాసంతో ఈ శాస్త్రం మొదలైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి గానీ, పాలన గురించి ఆలోచన అంతకన్నా చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఉంది. 11వ శతాబ్దంలో సెల్జుక్ సుల్తానుల వజీరు నిజాముల్ ముల్క్ రాసిన సియాసత్‌నామా ఉంది. మన నేల మీదికే వస్తే, 1853లో హైదరాబాద్ దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ తెచ్చి, రాజ్యాన్ని జిల్లాలుగా విడదీసి, జీతం తీసుకునే అధికారులను నియమించారు. శిస్తు వసూలును గుత్తకు తీసుకునేవారి కాలం దాంతో వెనకబడింది. స్వాతంత్ర్యం వచ్చాక పాల్ యాపిల్‌బీ అనే నిపుణుడి సలహాతో 1954లో ఢిల్లీలో భారత ప్రభుత్వ పాలనా సంస్థ ఏర్పడింది.

చదవడానికి దూరం పోనక్కరలేదు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవెంకటేశ్వర, నాగార్జున విశ్వవిద్యాలయాల్లో ఈ చదువులున్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్ర శాఖ ఉంది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో రెండు శాఖలూ ఉన్నాయి. పెళ్లయి ఇంటిపట్టున ఉన్న ఆడపిల్లలకు, పనికి వెళ్లే కుర్రాళ్లకు ఇగ్నో, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇంజనీరింగ్ ఫీజుల పక్కన పెడితే వీటి ఫీజులు చాలా తక్కువ. పిల్లలను ఆపేది ఫీజు కాదు, ఊరు వదిలి ఉండటానికయ్యే ఖర్చు.

ఇక పెద్దాయన అడిగిన ఉద్యోగం సంగతి. దాచకుండా చెప్పాలి, దీనికి క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉండవు. చదువైన మరునాడు అపాయింట్‌మెంట్ లెటరు రాదు. వచ్చే దారులు ఇవి: నెట్ రాసి డిగ్రీ కాలేజీ లెక్చరర్ కావచ్చు, జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధనకు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పవచ్చు. గ్రూప్స్ పరీక్షల్లో రాజ్యాంగం, పాలన ఎలాగూ ఉంటాయి. సివిల్స్ మెయిన్స్‌లో ఈ రెండు సబ్జెక్టుల్లో ఏదైనా ఆప్షనల్‌గా 500 మార్కులకు తీసుకోవచ్చు. జనరల్ స్టడీస్‌లోనూ పాలన, రాజ్యాంగం మీద 250 మార్కుల పేపరు ఉంది.

సివిల్స్ అనగానే మన వాళ్ల కళ్లు మెరుస్తాయి. 2006 నాటి సచార్ కమిటీ నివేదికలో ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం అని చదివిన నాటి నుంచి ప్రతి సభలో "ఐఏఎస్‌లు తయారు చేద్దాం" అనే తీర్మానం వింటున్నాం. మంచి కోరికే. కానీ దాతల సొమ్ము లక్షల ఫీజు తీసుకునే కోచింగ్ సెంటర్లకు పోవడం మాకు ఇష్టం లేదు. వెయ్యి మంది రాస్తే ఒకరికో ఇద్దరికో వచ్చే ఉద్యోగానికి ముందు, ఆ మిగతా వాళ్ల చేతిలో ఒక డిగ్రీ ఉండాలి కదా. అదీగాక పాలన ఢిల్లీలోనే లేదు. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ తాగునీరు, బడి, రోడ్లతో సహా 29 అంశాలను పంచాయతీల ముందు పెట్టింది, ఆడవాళ్లకు కనీసం మూడో వంతు స్థానాలిచ్చింది. మన ఆడవాళ్లు వార్డు మెంబర్లుగా గెలుస్తున్నారు, మీటింగుకు మాత్రం భర్తలు వెళుతున్నారు. తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో చదివి సంతకం పెట్టమని ఆ మెంబరమ్మకు పక్కన కూర్చుని చెప్పగలిగిన అమ్మాయి ఊరికొకరుంటే ఎలా ఉంటుంది?

ఒక ఇబ్బంది దాతలు తప్పక తెలుసుకోవాలి. డిగ్రీ వరకు తెలుగు అకాడమీ పుస్తకాలు దొరుకుతాయి. పీజీకి వచ్చేసరికి పుస్తకాలన్నీ దాదాపు ఇంగ్లీషే. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయవచ్చు, కానీ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. నెట్ కూడా అంతే. తెలుగు మీడియంలోనో ఉర్దూ మీడియంలోనో చదివిన పిల్ల మొదటి సెమిస్టర్‌లోనే బెదిరిపోయేది ఇక్కడే. ఆరు నెలలు ఇంగ్లీషు చెప్పే ఒక మంచి ట్యూటర్‌కు ఇచ్చే జీతం కోచింగ్ ఫీజుకన్నా ఎక్కువ పని చేస్తుందని మా అనుభవం.

పైగా ప్రభుత్వం చెయ్యి వెనక్కి తీసుకున్న చోటు కూడా ఒకటుంది. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు 2009 నుంచి ఇస్తున్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేశారు. జేఆర్‌ఎఫ్ కొద్దిలో తప్పిపోయిన పిల్లకు ఇప్పుడు ఆ ఆసరా లేదు.

మా వినతి చిన్నదే. స్కాలర్‌షిప్ నిధిలో ఏడాదికి నాలుగు స్థానాలు రాజనీతి, ప్రభుత్వ పాలన పీజీ విద్యార్థులకు, అందులో రెండు ఆడపిల్లలకు. మెస్ బిల్లు, పుస్తకాలు, ప్రవేశ పరీక్షల ఫీజులు, ఇంగ్లీషు ట్యూషన్. ప్రతిగా వాళ్లు సెలవుల్లో మన ఆఫీసులో వారానికి ఒక రోజు కూర్చుని పింఛను, రేషన్ కార్డు, స్కాలర్‌షిప్ అర్జీలు రాసిపెట్టాలి.

ఆ ఆటో డ్రైవరు గారి అమ్మాయి తల్లి గాజులు తాకట్టు పెట్టి యూనివర్సిటీలో చేరింది. ఈ ఏడాది మళ్లీ దరఖాస్తు పంపింది, ఈసారి మెస్ బిల్లు రసీదులు కూడా జతచేసి. కమిటీ వచ్చే నెల మొదటి ఆదివారం జొహర్ తర్వాత కూర్చుంటుంది.