ఒకే ప్రోటీన్, రెండు బొమ్మలు

సూరత్‌లో పాండేసరా, సచిన్ ప్రాంతాల మిల్లుల్లో అద్దకం పని తెలిసిన మనవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు: పాలిస్టర్‌కి పట్టే డిస్పర్స్ రంగు నూలుకి సరిగా పట్టదు. ఏ పోగుకి ఏ రంగో తెలియాలి. కణంలోని ప్రోటీన్లను చూడడమూ అలాంటి పనే. ఒక్కో కణంలో వేల రకాలు కిక్కిరిసి ఉంటాయి. వాటిలో మనకి కావలసిన ఒక్కదానికే అంటుకునే రంగు కావాలి.

ఆ రంగుని మోసుకెళ్లేది, తనకి సరిపోయినదాన్నే పట్టుకునే యాంటీబాడీ. 1941లో అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించింది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణాన్ని, ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపారు. అప్పటినుంచి అచ్చంగా ఒకే రకం యాంటీబాడీ కావలసినంత దొరుకుతోంది.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో వీణా పర్నాయిక్ బృందం 1999లో ప్రచురించిన పని నాకెంతో ఇష్టం. కేంద్రకం పొరకి లోపలివైపు లామిన్ ఎ అనే ప్రోటీన్ వలలా అల్లుకుని ఉంటుంది. దాన్ని పట్టుకునే యాంటీబాడీలు వాళ్ల దగ్గర రెండు ఉండేవి. వాటిని హీలా కణాల మీద వేసి చూశారు. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే తల్లి కణితి నుంచి, ఆమెని అడగకుండానే తీసిన కణాల సంతతే ఈ హీలా కణాలు. ఇలాంటి కణాలను 37 డిగ్రీల వెచ్చదనంలో గాజు మీద పెంచి, ఉన్నవి ఉన్నట్టు బిగించి, పొరకి చిల్లులు పెట్టి, యాంటీబాడీ పోస్తారు. అంటుకోనిదంతా కడిగేస్తారు. కడగడంలో తేడా వస్తే కణమంతా మెరిసి కూర్చుంటుంది.

ఒక యాంటీబాడీ అందరూ అనుకున్నట్టే కేంద్రకం అంచున ఉంగరంలా మెరిసింది. రెండోది కేంద్రకం లోపల చుక్కలు చుక్కలుగా! తొందరపడితే రెండోదాన్ని పనికిరాదని పారేసేవాళ్లే. వీళ్లు ఆర్‌ఎన్‌ఏని కత్తిరించి అతికే ప్రోటీన్లను పట్టుకునే యాంటీబాడీలు కూడా వేసి పోల్చారు. లామిన్ చుక్కలు ఆ ప్రోటీన్ల చుక్కల మీదే పడ్డాయి.

మరి ఒకే ప్రోటీన్‌కి రెండు బొమ్మలెందుకు? యాంటీబాడీ ప్రోటీన్ మొత్తాన్నీ పట్టుకోదు. దాని ఒంటిమీద చిన్న ముక్కనే గుర్తుపడుతుంది. వల అల్లికలో ఆ ముక్క మరుగున పడితే, ప్రోటీన్ ఉన్నా వెలుగు రాదు. అందుకే ఒక్క యాంటీబాడీ చీకటి చూపించినంత మాత్రాన అక్కడ ప్రోటీన్ లేదని రాసేయకూడదు.

ఇదే లామిన్ ఎ జన్యువులో లోపంతో ప్రొజీరియా వస్తుందని 2003లో తేలింది. పసితనంలోనే ముసలితనం తెచ్చే జబ్బది. ఆ పిల్లల చర్మ కణాలను పెంచి లామిన్ యాంటీబాడీ వేస్తే, నున్నగా గుండ్రంగా ఉండాల్సిన కేంద్రకం చాలా కణాల్లో ఉబ్బులతో, మడతలతో కనిపిస్తుంది.