చమురు ధర పెరిగింది, బొగ్గుబాయి తెరుచుకుంది: గోదావరిఖనిలో దళితులకు దక్కిందేమిటి?

2024 సెప్టెంబరులో సింగరేణి లాభాల వాటా ప్రకటన వచ్చింది. 2023-24 లాభాల్లో కొంత విస్తరణ పనులకు పక్కనబెట్టి, మిగిలిన 2,412 కోట్ల రూపాయల్లో 33 శాతం, అంటే 796 కోట్లు, 41,837 మంది పర్మినెంటు కార్మికులకు కేటాయించారు. సగటున మనిషికి 1 లక్షా 90 వేలు. అదే ప్రకటనలో 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి వాటా దక్కింది. అది తలా 5 వేలు.

ఒకే కంపెనీ, ఒకే బొగ్గు, ఒకే దుమ్ము. మధ్యలో ఈ గీత ఎట్లా పడింది? దళిత కుటుంబాలకు ఈ గీతతో ఉన్న సంబంధమేమిటి? జవాబు వెతుకుతూ పోతే యాభై ఏళ్ల వెనక్కి, గల్ఫ్ చమురు దాకా పోవాల్సి వస్తుంది.

ఒకే ధర, రెండు దారులు

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరాకు కోత పెట్టాయి. కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర దాదాపు నాలుగింతలైంది. దాంతో ఉత్తర తెలంగాణ పేదల ముందు రెండు దారులు తెరుచుకున్నాయి.

మొదటిది గల్ఫ్. అక్కడ చేరిన డబ్బుతో రోడ్లు, భవనాలు, ఓడరేవులు కట్టడానికి కూలీలు కావాల్సి వచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దుబాయి, మస్కట్‌లకు వలస సాగింది. రెండోది బొగ్గు. దిగుమతి చమురు భారం కావడంతో దేశం బొగ్గు వైపు మరింతగా మళ్లింది. 1975లో ఎన్టీపీసీ ఏర్పడింది. 1978లో రామగుండం విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి యూనిట్ నడిచింది, తర్వాత సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. బొగ్గు నుంచి యూరియా తీసే ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. వీటి చుట్టూ గోదావరిఖని బాయిలు పెరిగాయి. 1975 జనవరి 1 నుంచి అమలైన తొలి జాతీయ బొగ్గు వేతన ఒప్పందంతో గని కార్మికుడి జీతానికి దేశవ్యాప్తంగా ఒక లెక్క ఏర్పడింది.

దొర ముంగిట నుంచి బాయిలోకి

అయితే బాయి తెరిస్తే చాలదు, మనిషి ఊరు విడిచి రాగలగాలి. ఆనాటి కరీంనగర్ జిల్లా ఊళ్లలో మాల, మాదిగ కుటుంబాలు దొరకు వెట్టి చేసేవి. అప్పు కింద జీతమున్న మనిషి దొర మాట కాదని ఊరు దాటలేడు. వెట్టిచాకిరిని రద్దు చేస్తూ కేంద్రం 1975లో ఆర్డినెన్స్, 1976లో చట్టం తెచ్చింది. కానీ ఊళ్లలో దాన్ని అమలు చేయించింది రైతుకూలీల పోరాటమే. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. తర్వాతి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. నిర్బంధం పెరిగినా వెట్టి మళ్లీ మునుపటిలా నిలబడలేదు.

బాయిలో దొరికింది తట్టా-చెమ్మస్ పని, అంటే బొగ్గును తట్టలకెత్తి టబ్బులు నింపడం. చదువు అడగని, ప్రాణభయం ఉన్న పని. అయినా దానికి నెల జీతం, క్వార్టరు, ఆస్పత్రి ఉన్నాయి. ఊళ్లో ‘అరేయ్’ అని పిలిపించుకున్న మనిషి పేరు ఇంటిపేరుతో సహా మస్టర్‌లో పడింది. దీన్ని మేం చిన్న మార్పుగా చూడటం లేదు.

కేరళ చెప్పే పాఠం

చమురు డబ్బు, సామాజిక సంస్కరణ కలిసి ఒక రాష్ట్రాన్ని మార్చాయనడానికి అందరూ చూపించేది కేరళనే. అక్కడ అయ్యంకాళి 1907లోనే సాధుజన పరిపాలన సంఘం పెట్టి దళిత పిల్లల బడి హక్కు కోసం కొట్లాడారు. కౌలుదారులకు భూమినిచ్చిన సంస్కరణ 1970 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాతే గల్ఫ్ డబ్బు వచ్చింది.

కానీ ఆ భూమి దక్కింది కౌలుదారులకు. కౌలుదారుల పొలాల్లో కూలి చేసిన దళితులకు దక్కింది గుడిసె స్థలం, గ్రామాల్లో గరిష్ఠంగా 10 సెంట్లు. వీసాకూ టికెట్టుకూ పెట్టుబడి కావాలి, అది భూమి నుంచో బంగారం నుంచో రావాలి. అందుకే అక్కడి వలస సర్వేల్లో గల్ఫ్ పోయినవాళ్లలో దళితుల వాటా జనాభాలో వాళ్ల వాటా కన్నా చాలా తక్కువగా కనిపిస్తుంది. డబ్బు వచ్చినప్పుడు ముందే ఆస్తి ఉన్నవాళ్లకు అది పెట్టుబడి అవుతుంది, లేనివాళ్లకు కూలిగానే మిగులుతుంది.

కొలువే పొలమైన చోట

ఈ లెక్కలో సింగరేణికి ఒక ప్రత్యేకత ఉంది. భూమి లేని దళిత కుటుంబానికి పర్మినెంటు కొలువే పొలమైంది. తండ్రి చనిపోయినా, పనికి అన్‌ఫిట్ అయినా ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చేది. పిల్లల చదువులు ఆ జీతం మీదే నడిచాయి.

1990లలో ఆ పొలం కుంచించుకుపోవడం మొదలైంది. నష్టాల పేరుతో కంపెనీ బీఐఎఫ్ఆర్ ముందుకు పోయింది. అప్పట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. ఉత్పత్తి మాత్రం 2 కోట్ల టన్నుల లోపు నుంచి 2023-24 నాటికి 7 కోట్ల టన్నులకు చేరింది. ఫిల్లర్ల స్థానంలో యంత్రాలు వచ్చాయి. ఓపెన్‌కాస్ట్‌లలో మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్లకు పోయింది. కాంట్రాక్టరు పెట్టుకునే మనిషికి రిజర్వేషన్ రోస్టర్ వర్తించదు.

వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. తర్వాత అన్‌ఫిట్ అయినవాళ్ల పిల్లలకు కారుణ్య నియామకాలు మిగిలాయి. పుట్టుకతో వచ్చే హక్కును అంబేడ్కర్‌వాదులుగా మనం సమర్థించలేం. కానీ భూమి వారసత్వాన్ని ఎవరూ ప్రశ్నించని దేశంలో, కొలువు తప్ప మరేదీ లేని కుటుంబానికి ఆ తలుపు మూస్తే బదులుగా ఏమిచ్చారని అడగాలి.

ఇప్పుడు అడగాల్సినవి

మొదటిది, నిత్యం జరిగే పనుల్లో పర్మినెంటు నియామకాలు. అందులోనే రిజర్వేషన్‌కు అర్థముంది. రెండోది, ఓపెన్‌కాస్ట్ కింద పోయే అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమానంగా పరిహారం. మేకల పాండు కేసులో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు 2004లోనే ఈ మాట చెప్పింది. 2013 భూసేకరణ చట్టం కూలీ కుటుంబాలను కూడా బాధితులుగా గుర్తిస్తుంది. మూడోది, జిల్లా ఖనిజ నిధి. 2015 సవరణ ప్రకారం పాత లీజుల రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం ఈ నిధికి చేరాలి. అది గని పక్కన బతికే దళితవాడలకు ఎంత చేరుతోందో తేల్చుకోవాలి.

వీటన్నిటికీ ముందు ఒక లెక్క కావాలి. లాభాల ప్రకటనలో కాంట్రాక్టు కార్మికులు 25 వేలన్న అంకె ఉంది, వాళ్లు ఏ కులాల వాళ్లన్నది లేదు. సింగరేణి ప్రభుత్వ సంస్థ, సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తుంది. గని వారీగా, కాంట్రాక్టరు వారీగా, సామాజిక వర్గాల వారీగా ఆ వివరాలు కోరుతూ విద్యార్థి సంఘాలు, యూనియన్లు కలిసి దరఖాస్తులు పెట్టాలని మేం కోరుతున్నాం.