కోడిగుడ్డు.. ఉడికించే తీరు ఇదీ!

తక్కువ ఖర్చుతో లభించే పౌష్టికాహారం కోడిగుడ్డు. ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అయితే సరిగా ఉడకని గుడ్డు ద్వారా సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకి వాంతులు, విరేచనాలు కలిగే ప్రమాదముంది. గర్భిణులు, చిన్నారులు, వృద్ధులకు పచ్చసొన గట్టిపడే వరకు ఉడికించిన గుడ్లనే ఇవ్వాలి.

ముందుగా గుడ్డును చన్నీటిలో వేసి చూడాలి. అడుగున అడ్డంగా ఉంటే తాజాది, నిలబడితే కొంత పాతది. తేలితే వాడకపోవడమే మేలు. పెంకులోని సూక్ష్మ రంధ్రాల గుండా తేమ పోయి, లోపల గాలి పెరగడమే ఇందుకు కారణం. పెంకు పగిలిన గుడ్లను వాడరాదు.

గుడ్లు మునిగేలా నీరు పోసి, మరగడం మొదలయ్యాక సన్నని మంటపై 10 నుంచి 12 నిమిషాలు ఉడికించాలి. వెంటనే చన్నీటిలో వేస్తే పెంకు తీయడం సులువవుతుంది. ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని వలయం ఏర్పడుతుంది. అది హానికరం కాదు. అట్టు వేసేటప్పుడు రెండు వైపులా పూర్తిగా కాల్చాలి.