యంత్రము పొరబడినచో బాధ్యత ఎవరిది?

బొబ్బిలిలో ఏ తరగతి హాజరుపట్టీ తెరచినను అప్పలనాయుడులో, సూర్యనారాయణలో, పైడిరాజులో ఇద్దరు ముగ్గురు కనబడుదురు. ఉపాధ్యాయుడు ఇంటిపేరు చూచి, తండ్రిపేరు చూచి, అప్పటికిని తెలియకున్న "నీది ఏ ఊరు నాయనా?" అని అడిగి వారిని వేరుపరచును. ఒకని మార్కులు మరియొకనికి పడినచో బాలుడు ఆ సాయంకాలమే వచ్చి చెప్పుకొనును. తప్పు దిద్దుట సులభము. ఇదే పనిని లక్షల కుటుంబముల విషయమున కంప్యూటరునకు అప్పగించినచో ఏమగును? ఈ ప్రశ్నకు జవాబును మన పొరుగు రాష్ట్రమైన తెలంగాణ అనుభవమునుండి తెలిసికొనవచ్చును.

అచ్చట ప్రభుత్వము "సమగ్ర వేదిక" అను వ్యవస్థను నెలకొల్పినది. వాహనములు, ఆస్తులు మొదలగువానిని గూర్చి వేర్వేరు శాఖలయందున్న వివరములను ఇది ఒకచోట జతపరచి, ఎవరు సంక్షేమ పథకములకు అర్హులో, ఎవరు కారో సూచించును. దీనికి కావలసిన సాఫ్ట్‌వేరును ఒక ప్రైవేటు కంపెనీ సమకూర్చినది.

ఇందలి చిక్కును గమనింపుడు. రేషను జాబితాలోని "లక్ష్మి", వాహనముల జాబితాలోని "లక్ష్మి" ఒక్కరేనా? ఆంగ్లలిపిలో "క్ష" ను ఒక గుమాస్తా ఒక విధముగా, మరొక గుమాస్తా వేరొక విధముగా వ్రాయును. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక వచ్చును. ఒక్కొక్కచోట పొడి అక్షరము మాత్రమే మిగులును. కావున యంత్రము పేరు, చిరునామా మొదలైన వానిలోని పోలికను అంకెలలో కొలుచును. ఆ పోలిక ఒక హద్దును దాటినచో "ఇద్దరును ఒక్కరే" అని తీర్మానించును. హద్దును తగ్గించినచో వేర్వేరు మనుష్యులు ఒక్కరైపోవుదురు. పెంచినచో ఒకే మనిషి ఇద్దరగును. ఒక తప్పును తగ్గించిన రెండవది పెరుగును. రెండు తప్పులును లేని హద్దు సాధారణముగా దొరకదు.

"నూటికి రెండు తప్పులే కదా" యని తేలికగా తీసికొనరాదు. ఒక చిన్న లెక్క చేయుదము. 1,00,000 కార్డులలో అనర్హులవి 2,000 అనుకొనుడు. యంత్రము వీనిలో 1,900 కార్డులను పట్టుకొన్నది. మిగిలిన 98,000 మంది అర్హులలో నూటికి ఇద్దరి విషయమున మాత్రమే పొరబడినది. అనగా 1,960 మంది. యంత్రము వేలెత్తి చూపిన మొత్తము 3,860 మందిలో సగముకంటె ఎక్కువమంది నిర్దోషులే! అనర్హులు కొద్దిమందియే యున్నచోట మంచి యంత్రముకూడ ఇట్లే ప్రవర్తించును.

ఇది ఊహాలెక్క మాత్రమే కాదు. హైదరాబాదులో రిక్షా త్రొక్కి బ్రతికిన ఒకనిని 2021లో యంత్రము కారు యజమానిగా ఎంచెను. పోలికగల పేరుతో వేరొకనికి కారుండుటయే కారణము. ఆ కుటుంబమునకు చౌక బియ్యము అందకపోయెను. క్షేత్ర విచారణ లేకుండ కార్డులు రద్దు చేసిరన్న వివాదము సుప్రీంకోర్టునకు చేరినది. 2016 నుండి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను తిరిగి విచారింపవలెనని 2022 ఏప్రిలులో ఆ న్యాయస్థానము ఆదేశించినది. అదే సంవత్సరము జూలై నాటికి 2,05,734 అభ్యర్థనలు పరిశీలింపగా 15,471 మంది అర్హులని తేలినది. అనగా నూటికి ఏడున్నర.

ఇక బాధ్యత ఎవరిది? అధికారి "యంత్రము చెప్పినది" అనును. కంపెనీ "మేము సామగ్రిని మాత్రమే ఇచ్చితిమి" అనవచ్చును. సమాచార హక్కు చట్టము క్రింద ఆ సాఫ్ట్‌వేరు మూలరచనను కోరినప్పుడు, దానిపై హక్కులు కంపెనీవని చెప్పి ప్రభుత్వము నిరాకరించినది. నష్టపోయిన వానికి తన తప్పేమో తెలిసికొను దారియే లేదు. అందుచేత ఇట్టి ఒప్పందములలో ధర, గడువు మాత్రమే చాలవు. ఎంత తప్పును సహింపవచ్చును, దానిని ఎవరు పరీక్షింపవలెను, మూలరచనను చూచు హక్కు ఎవరికి గలదు, నష్టమును ఎవరు భరింపవలెను అనునవి ముందే వ్రాసికొనవలెను.

2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టము ఈ విషయమున ఒక ముఖ్యసూత్రము నెలకొల్పినది. ప్రజల వివరములను ఏ పనికి, ఎట్లు వాడవలెనో నిర్ణయించు సంస్థయే, ఆ పనిని మరియొకరికి అప్పగించినను, ఒప్పందములో ఏమి వ్రాసికొన్నను, చట్టమునకు బాధ్యురాలు. వివరములను బట్టి ఒక వ్యక్తిపై నిర్ణయము చేయునప్పుడు అవి సంపూర్ణముగను, సరిగను ఉండునట్లు చూడవలెను. ప్రభుత్వమునకు ఇందు కొన్ని మినహాయింపులు కలవు. చట్టపు నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్యబాధ్యతలు 18 మాసముల తరువాత అమలునకు వచ్చునట్లు గడువు పెట్టబడినది.

కృత్రిమ మేధ ఇచ్చునది తీర్పు కాదు, అంచనా. అంచనాను చూచి విచారణ మొదలిడవచ్చును. విచారణ చేయకయే నోటి కూడు తీసివేయరాదు. ఉపాధ్యాయులు పిల్లలచే ఒక ప్రయోగము చేయింపవచ్చును. రెండు తరగతుల పట్టీలను ఇచ్చి, పేర్లు మాత్రమే చూచి ఎవరెవరు ఒక ఇంటివారో ఊహింపుమనుడు. పిదప పిల్లలనే అడిగి సరిచూడుడు. ఊహకును, అడిగి తెలిసికొన్నదానికిని గల భేదము వారికి అప్పుడు తెలియును.