మీకు తెలుసా? రేడియేటర్‌కు గాలి నెమ్మదిగా అందాలి

సొంతంగా తయారుచేసుకునే చిన్న విమానాల్లో ఎక్కువగా వాడే రోటాక్స్ 912 ఇంజిన్‌లో సిలిండర్ హెడ్లను ద్రవంతో చల్లబరుస్తారు. ఆ ద్రవం వేడిని రేడియేటర్ గాలికి వదులుతుంది. విమానం ఎగిరే వేగంతోనే గాలి రేడియేటర్‌లో దూరితే నిరోధం బాగా పెరుగుతుంది. అందుకే రేడియేటర్‌కు గాలిని చేర్చే డక్టు (గాలి గొట్టం) నోరు చిన్నదిగా ఉంచి, లోపలికి పోయేకొద్దీ క్రమంగా వెడల్పు చేస్తారు. అక్కడ గాలి వేగం తగ్గి, పీడనం పెరుగుతుంది. ఒక్కసారిగా వెడల్పైతే మాత్రం గాలి గోడలను వదిలి సుడులు తిరుగుతుంది.

రేడియేటర్ దాటాక వేడెక్కి వ్యాకోచించిన గాలి, సన్నబడే దారిలో మళ్లీ వేగం పుంజుకుని బయటపడుతూ విమానాన్ని కొంత ముందుకు తోస్తుంది. దీన్ని 1935లో బ్రిటన్ ఇంజినీరు ఎఫ్.డబ్ల్యు. మెరెడిత్ వివరించాడు. పీ-51 మస్టాంగ్ యుద్ధవిమానం పొట్ట కింది డక్టు ఈ సూత్రాన్నే వాడుకుంది. పొట్టను రాసుకుంటూ వచ్చే మందగించిన గాలి చొరబడకుండా, దాని నోటిని కాస్త ఎడంగా అమర్చారు.